స్పర్శ లేని మచ్చను వెతికేదెవరు?

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు నిలబడ్డచోటే కూలిపోయారు. మూర్ఛ, వాంతులు, నోట నురగ. వారం తిరిగేసరికి ఆరువందల మందికి పైగా ఆసుపత్రి గుమ్మం తొక్కారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి నిపుణులు దిగారు. కుళాయి నీళ్లు, పాలు, కూరగాయలు, రోగుల నెత్తురు అన్నీ ప్రయోగశాలలకు వెళ్లాయి. నెత్తురులో సీసం, నికెల్ ఆనవాళ్లున్నాయని ఎయిమ్స్ చెప్పింది. దేశమంతా ఏలూరు పేరు మారుమోగింది. ఊరు ఊరంతా వణికిపోయిన ఆ రోజుల్లో యంత్రాంగం అంత చురుగ్గా కదలడం న్యాయమే.

ఇదే ఏలూరు చుట్టూ, తాడేపల్లిగూడెం దాకా, దిగువన కొల్లేటి లంకల దాకా పరుచుకున్న నేల మీద ఇంకో జబ్బు ఉంది. అది ఎవరినీ నడివీధిలో పడేయదు. జ్వరం రాదు, నొప్పి పెట్టదు, దురద కూడా ఉండదు. వీపు మీదో తొడ మీదో కాస్త పాలిపోయిన మచ్చగా మొదలై, ఏళ్లకు ఏళ్లు అక్కడే కూర్చుని, లోపల నరాన్ని తినేస్తుంది. చిటికెన వేలు ముడుచుకుపోయాకో, అరికాలి పుండు ఎంతకీ మానకపోతేనో ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. అప్పటికి నరం చచ్చిపోయి ఉంటుంది. మందు సూక్ష్మజీవిని చంపుతుంది గానీ చచ్చిన నరాన్ని బతికించలేదు.

కుష్ఠు పోయిందనే మనలో చాలామంది అనుకుంటున్నాం. పోలేదు. రాష్ట్రంలో ఏటా కొత్త కేసులు నమోదవుతూనే ఉన్నాయి. నమోదైనవాళ్ల గురించి అంత బెంగ అక్కర్లేదు. వాళ్లకు మందు అందుతుంది, నయమవుతుంది. బెంగంతా ఇంకా ఎవరి కంటా పడనివాళ్ల గురించే.

నిదానమే దాని బలం

ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పేరు మైకోబాక్టీరియం లెప్రే. 1873లో నార్వేలోని బెర్గెన్ పట్నంలో గెర్హార్డ్ హాన్సెన్ అనే వైద్యుడు దీన్ని గుర్తించాడు. అప్పటిదాకా వంశంలో వచ్చే రోగమనో, చేసుకున్న పాపమనో అనుకునేవారు. సాధారణ బాక్టీరియా ఇరవై నిమిషాలకో అరగంటకో ఒకటి రెండవుతుంది. దీనికి దాదాపు రెండు వారాలు కావాలి. ఒంట్లో చేరిన తర్వాత మచ్చగా బయటపడడానికి సగటున ఐదేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. ఐదో తరగతి పిల్లవాడి చెంప మీద ఇవాళ కనపడిన మచ్చకు బీజం వాడు అంగన్‌వాడీకి వెళ్లే రోజుల్లో పడి ఉండవచ్చు. పిల్లల్లో ఒక్క కేసు దొరికినా వైద్యులు ఉలిక్కిపడేది ఇందుకే. ఆ బిడ్డకు దగ్గరలో, మందు వేసుకోని పెద్ద మనిషి ఎవరో ఉన్నారన్నమాట. ఆ మనిషికి తన జబ్బు సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

అంటుతుందా అంటే, అంటుతుంది. మందు వాడని రోగి ముక్కు, నోటి తుంపర్ల ద్వారా, అదీ నెలల తరబడి దగ్గరగా మసలినవాళ్లకు. నూటికి తొంభై అయిదు మందికి పైగా దీన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. చెయ్యి పట్టుకుంటే రాదు, ఒక బెంచీ మీద కూర్చుంటే రాదు, ఒకే బస్సులో ప్రయాణిస్తే రాదు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి సోకడం ఆగిపోతుంది. ఊరికి ప్రమాదం మందు వేసుకుంటున్న రోగి వల్ల కాదు. ఎవరూ పట్టుకోని రోగి వల్ల.

ఈ సూక్ష్మజీవికి చల్లదనం ఇష్టం. ఒంట్లో మిగతాచోట్ల కంటే కాస్త చల్లగా ఉండే చెవి తమ్మెలు, ముక్కు, చెక్కిళ్లు, మోచేతులు, వేళ్లు దాని నివాసాలు. తెలిసిన వైద్యుడు మనిషి ఎదురుగా కూర్చోగానే ముందు చెవుల వంక చూస్తాడు. తమ్మెలు దళసరెక్కి నూనె రాసినట్టు మెరుస్తున్నా, కనుబొమల చివర వెంట్రుకలు రాలిపోయినా అనుమానించాల్సిందే. అలాంటివాళ్లకు మచ్చలు స్పష్టంగా ఉండకపోవచ్చు. కానీ ఒంట్లో సూక్ష్మజీవుల లెక్క కోట్లలో ఉంటుంది. ఒంటి నిండా మచ్చలున్నాయని ఊరు భయపడే మనిషి కంటే, నిగనిగలాడే మొహంతో తిరిగే ఈ మనిషి నుంచే జబ్బు ఎక్కువగా పాకుతుంది.

దూది పింజ పరీక్ష

పల్లెల్లో చర్మం మీద మచ్చ కొత్తేమీ కాదు. చెమటకు శోభి వస్తుంది. తడిబట్టల్లో రోజంతా గడిపేవాళ్లకు తామర తప్పదు. బొల్లి సంగతి సరేసరి. శోభి పొట్టు రాలుతుంది, తామర దురద పెడుతుంది, బొల్లి పాలలా తెల్లగా ఉంటుంది. మూడింటిలోనూ స్పర్శ మాత్రం ఉంటుంది. కుష్ఠు మచ్చ చుట్టూ ఉన్న చర్మం కంటే కొద్దిగా పాలిపోయి గానీ, రాగి ఛాయలో గానీ ఉంటుంది. దాని మీద చెమట పట్టదు, నూగు వెంట్రుకలు రాలిపోతాయి, పొడిబారి ఉంటుంది. గిల్లినా తెలియదు.

దీన్ని తేల్చడానికి స్కానింగు అక్కర్లేదు. కాస్త దూది చాలు. దూది కొసను నులిమి సన్నటి పింజ చేస్తారు. మనిషి కళ్లు తెరిచి ఉండగా మామూలు చర్మం మీద ఒకసారి తాకించి, "ఇలా తగిలిన చోటల్లా వేలు పెట్టి చూపించండి" అని చెబుతారు. అర్థమైందని రూఢి చేసుకున్నాక కళ్లు మూయిస్తారు. చేతి మీద ఒకసారి, మెడ దగ్గర ఒకసారి, మచ్చ మీద ఒకసారి, మళ్లీ మామూలు చర్మం మీద. పింజతో రాయకూడదు, నిమరకూడదు. తాకించి వెంటనే తీసేయాలి. మనిషి వేలు ప్రతిసారీ సరిగ్గా అక్కడికే వెళుతుంది. మచ్చ మీద తాకినప్పుడు మాత్రం కదలదు. రెండోసారి తాకించినా కదలదు. "తాకిస్తున్నారా అండీ?" అని అడుగుతారు కళ్లు మూసుకునే. ఆ ప్రశ్నతోనే జబ్బు పట్టుబడుతుంది.

తర్వాత నరాలు చూడాలి. మోచేయి లోపలివైపు ఎముక వెనక సందులో ఒక నరం వెళుతుంది. గోడకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమనేది అదే. జబ్బు పట్టిన మనిషిలో అది తాడులా లావెక్కి వేళ్ల కింద దొర్లుతుంది, నొక్కితే నొప్పి ఉండవచ్చు. మోకాలి కింద బయటివైపున, చీలమండ లోపలివైపున కూడా ఇలాగే తడిమి చూడాలి. కనురెప్పలు గట్టిగా మూయమని, చిటికెన వేలు పక్కకు చాపి పట్టమని, పాదం పైకెత్తమని అడిగి బలం చూడాలి. అంతా కలిపి ఒక మనిషికి పది, పదిహేను నిమిషాలు. ఆ పది నిమిషాలే మన సర్వేల్లో దొరకవు.

లంకల్లో కనిపించని రోగి

కొల్లేరు మ్యాపులో చూస్తే రెండు డెల్టాల నడుమ ఒక నీలి మరక. కృష్ణ, గోదావరి మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీళ్లన్నీ చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2006లో చేపల చెరువు గట్లు తెగ్గొట్టించారు. ఆటపాకకు వచ్చే గూడబాతుల గురించి, పెద్దింట్లమ్మ జాతర గురించి అందరికీ తెలుసు. లంక గ్రామాల్లో చెరువు పనితో బతికే మనిషి అరికాలి గురించి ఎవరు రాశారు?

చేపల చెరువు పని అంటే కాళ్లూ చేతులూ రోజంతా నీళ్లలో. పట్టుబడి ఉన్న రోజున తెల్లవారకముందే వల దిగాలి. తాడు లాగితే అరచెయ్యి కోసుకుంటుంది. బురదలో గాజుపెంకు ఉంటుంది, నత్తగుల్ల ఉంటుంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే భుజం దాకా సలుపు లాగుతుంది, మోటు మనిషి కూడా కెవ్వుమంటాడు. అలాంటిది ముల్లు దిగినా తెలియలేదంటే, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు భార్య చూసి "ఈ నెత్తురేంటి?" అని అడిగితే గానీ గాయం సంగతి తెలియలేదంటే, దాన్ని మనవాళ్లు మొండితనం అంటారు. మగాడి ఓర్పు అంటారు. గట్టు మీద నడుస్తుండగా కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియకపోతే పరధ్యానం అనుకుంటారు. పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దించి, బొబ్బలు లేచాక కాలిందని తెలుసుకున్న ఆడమనిషిని అజాగ్రత్త అని కసురుతారు. ఇవన్నీ రోగలక్షణాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి విన్నా ఆ మనిషిని అదే వారంలో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి.

తీసుకెళ్లేది ఎక్కడికి? మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికే వెళతారు, తప్పులేదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే. మచ్చ చూసి తామర అంటాడు, ఒక ఆయింట్‌మెంట్ ఇస్తాడు. అందులో స్టెరాయిడ్ ఉంటే మచ్చ ఎరుపు తగ్గి మానినట్టే కనపడుతుంది. ఆరునెలలు గడిచిపోతాయి. ఇంకో ఆయింట్‌మెంట్. ఈలోగా పనికోసం మకాం మారుతుంది. చెరువు కాపలాకు గట్టు మీద పాక వేసుకుని ఉండే కుటుంబాలు ఒక చోట నిలకడగా ఉండవు. ఉత్తరాంధ్ర నుంచి ఇటుక బట్టీలకు, రొయ్యల పనులకు వచ్చేవాళ్లు సీజను అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్ల పేర్లు ఈ ఊరి ఆశా రిజిస్టరులో ఉండవు, సొంతూరు వాళ్ల లెక్కలో "వలస వెళ్లారు" అని ఉంటుంది. రెండు రిజిస్టర్ల మధ్య మనిషి జారిపోతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు ఉప్పొంగినప్పుడు లంకలకు దారులు మునిగిపోయాయి. అలాంటి నెలల్లో జ్వరాల మందు చేరడమే గగనం, మచ్చలు చూసేదెవరు?

తాడేపల్లిగూడెం కథ ఇంకో రకం. అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, రైస్ మిల్లుల్లో కూలీలు, లారీల మీద వచ్చీపోయేవాళ్లు. అరచేతుల్లో కాయలు కాసిన మనిషికి స్పర్శ తగ్గితే అది బరువుల వల్లే అనుకుంటాడు. పైగా రోజుకూలి వదులుకుని ఆసుపత్రికి వెళ్లడానికి నొప్పి ఉంటేనే కాళ్లు కదులుతాయి. ఈ జబ్బు నొప్పి పెట్టదు.

వాకిట్లో మూడు నిమిషాలు

ఇంటింటి కుష్ఠు సర్వే దేశంలో 2016 నుంచి ప్రత్యేక ఉద్యమంగా జరుగుతోంది. ఆశా కార్యకర్త, తోడుగా ఒక మగ వాలంటీరు. ఆడవాళ్లను ఆమె, మగవాళ్లను అతను చూడాలని నియమం. మంచి నియమమే. వాకిట్లోకి అడుగుపెట్టాక ఏమవుతుందో ఊళ్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

"పిన్నిగారూ, ఒంటి మీద మచ్చలేమన్నా ఉన్నాయాండీ?"

"మాకెందుకుంటాయమ్మా అలాంటివి!"

"బాబాయి గారో?"

"చెరువుకెళ్లారు. పొద్దుపోయాక గానీ రారు."

గోడ మీద గుర్తు పడుతుంది, పక్కింటికి వెళతారు. ఆశాను తప్పు పట్టలేం. గర్భిణుల లెక్క, టీకాలు, బీపీ, షుగరు, క్షయ కళ్లె డబ్బాలు, దోమల లార్వా, అన్నీ ఆమె నెత్తినే. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా అబద్ధం కాదు. వీపు మీద మచ్చ ఉన్న సంగతి ఆ పిన్నిగారికే తెలియదు. ఎవరి వీపు వాళ్లకు కనపడదు. కోడలు చూసి ఉండవచ్చు. "అత్తయ్యా, మీకు వెనకాల ఏదో మచ్చుంది" అనే చనువు ఆ ఇంట్లో ఉందో లేదో. సర్వే అంటే మచ్చ ఉందా అని అడగడం కాదు. తలుపు వేసి, మంచి వెలుతురులో, మర్యాదగా, రవిక విప్పించి వీపు చూడడం. దానికి ఆశా మీద నమ్మకం ఉండాలి, ఆమెకు తీరిక ఉండాలి. పగటిపూట ఇల్లు ఖాళీగా ఉండే ఊళ్లలో సాయంత్రం దీపాల వేళ వెళ్లాలి. చెరువు గట్లకు వెళ్లాలి. దూది పింజ పట్టుకోవడం ఆమెకు ఎవరో దగ్గర కూర్చుని నేర్పాలి.

కొత్త రోగిని గుర్తించి, వైద్యుడు నిర్ధారిస్తే ఆశాకు వచ్చే ప్రోత్సాహకం 250 రూపాయలు. వేళ్లూ పాదాలూ పోయి బహుళ వైకల్యం వచ్చాక అదే రోగికి మన రాష్ట్రం నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తోంది. పింఛను ఇవ్వడం ధర్మం, ఇంకా పెంచినా సంతోషమే. ఆ పింఛను అవసరం రాకుండా రోగిని ముందే గుర్తించిన మనిషికి అందుకు దక్కేది మాత్రం ఒక్కసారి ఇచ్చే ఆ 250. ప్రభుత్వాలు ఏ పార్టీవైనా సరే, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి ఆలోచించాలి.

సైకిల్ మీద వచ్చిన లెప్రసీవాళ్లు

యాభై దాటినవాళ్లకు జ్ఞాపకం ఉంటుంది. ఒకప్పుడు ఊరికి "లెప్రసీవాళ్లు" వచ్చేవారు. భుజాన సంచి, సైకిల్, పెద్ద రిజిస్టరు. బళ్లో పిల్లల చొక్కాలు విప్పించి వరసగా నిలబెట్టి చూసేవారు. ఇళ్లకు వచ్చి పెద్దవాళ్లను చూసేవారు. 1951లో ఏర్పడిన గాంధీ స్మారక కుష్ఠు నివారణ సంస్థ ఈ పద్ధతికి బాట వేసింది. సర్వే చేయడం, జనానికి చెప్పడం, మందు ఇవ్వడం, మూడూ ఒకే మనిషి చేతిలో. ఉత్తరాంధ్రలో చిలకలపల్లి దాని కేంద్రాల్లో ఒకటి. అంతకు చాలా ముందే మిషనరీలు ఆసుపత్రులు పెట్టారు. సాలూరులో, రామచంద్రపురంలో, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో. ఇవి కాక మన పశ్చిమ డెల్టాలో నర్సాపురం బెతెస్దా ఆసుపత్రి, ఏలూరుకు చేరువలో గోపన్నపాలెం దగ్గరి వేగవరంలోని డేమియన్ కేంద్రం. ఇంట్లోంచి గెంటేసినవాళ్లను అక్కున చేర్చుకున్న చోట్లు ఇవి.

అప్పట్లో డాప్సోన్ ఒక్కటే మందు. ఏళ్ల తరబడి, కొందరు జీవితాంతం మింగేవారు. సూక్ష్మజీవి దానికి అలవాటు పడిపోయింది కూడా. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వమంది. బహుళ ఔషధ చికిత్స అనే ఆ మూడు మందుల అట్ట ఈ జబ్బు చరిత్రనే మార్చేసింది. భారతదేశంలో 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. కుష్ఠు నూటికి నూరుపాళ్లు నయమయ్యే జబ్బుగా మారింది. ఇది మామూలు విజయం కాదు, లక్షల మంది చేతులు నిలబెట్టింది.

ఆ తర్వాతే తేడా వచ్చింది. పదివేల జనాభాకు ఒకరి కంటే తక్కువ రోగులుంటే ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినట్టే అని ఒక కొలత పెట్టుకున్నాం. 2005 డిసెంబరులో దేశం ఆ గీత దాటింది. కానీ ఆ కొలతలో లెక్కకు వచ్చేది ఆ రోజున మందు వాడుతున్నవాళ్లే. 1997లో ఎక్కువ మచ్చలున్నవాళ్ల చికిత్సను రెండేళ్ల నుంచి ఏడాదికి కుదించారు. వైద్యపరంగా అది సబబే. దానితో రిజిస్టరులో వాళ్లు ఉండే కాలం సగమైంది, అంకె కూడా ఆ మేరకు తగ్గింది. అదే కాలంలో కుష్ఠు విభాగాన్ని సాధారణ వైద్యంలో కలిపారు. సైకిల్ మీద వచ్చిన మనుషులు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఆ ఖాళీలు చాలాచోట్ల నిండలేదు.

అంకెలు చూడండి. 2001లో దేశంలో కొత్త రోగులు ఆరు లక్షలకు పైగా. 2005 నాటికి లక్షా డెబ్భై వేల లోపు. బయటపడడానికే సగటున ఐదేళ్లు పట్టే జబ్బు నాలుగేళ్లలో నాలుగోవంతుకు ఎలా దిగుతుంది? అంతకుముందు లెక్కల్లో కొంత అతి ఉంటే ఉండవచ్చు. మిగిలిందంతా వెతకడం మానేసినందువల్ల వచ్చిన తగ్గుదల. నమ్మకం కలగకపోతే కరోనా ఏడాది చూడండి. 2019లో లక్షా పధ్నాలుగు వేల పైచిలుకు కొత్త రోగులున్న దేశంలో 2020లో అరవై అయిదు వేల మందే కనిపించారు. మిగతా యాభై వేల మందికి జబ్బు రాకపోలేదు, వాళ్ల ఇంటికి ఎవరూ వెళ్లలేదు. మళ్లీ 2023కి అంకె లక్షా ఏడు వేలు దాటింది. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద దొరికిన కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే.

కాబట్టి ఒక జిల్లాలో కేసులు పెరిగాయని వార్త వస్తే అధికారులను నిలదీయకండి. వెతుకుతున్నారన్నమాట. ఏళ్ల తరబడి ఒక్క కేసూ లేదని చెప్పే మండలాన్ని నిలదీయండి. దొరికిన కొత్త రోగుల్లో ఎంతమందికి అప్పటికే కంటికి కనిపించే వైకల్యం ఉందో అడగండి. ఎంత ఆలస్యంగా పట్టుకుంటున్నామో చెప్పే అసలు లెక్క అదే.

దాపరికం

వెతికేవాడు వచ్చినా దాక్కునే మనిషి ఉంటాడు. తప్పు అతనిది కాదు. నాగభూషణం గారి 'రక్తకన్నీరు' నాటకం ఆంధ్రదేశమంతా వేల ప్రదర్శనలు ఆడింది. దానితో కుష్ఠు అంటే చెడు తిరుగుళ్లు తిరిగినవాడికి శిక్షగా వచ్చే రోగం అన్న ముద్ర ఊరూరా పడిపోయింది. గొప్ప నటుడు, గొప్ప ప్రదర్శన. కానీ ఒళ్లు వంచి నాట్లు వేసుకునే ఇల్లాలికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఆ ముద్ర ఆమె నెత్తిన కూడా పడింది. చట్టమూ అలాగే ఉండేది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016 దాకా రద్దు కాలేదు. కుష్ఠు కారణంగా విడాకులు అడిగే వీలు 2019 దాకా ఉండేది. మనదేశంలో జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడు, కుష్ఠు నివారణ దినం జరుపుతారు. సేవాగ్రామ్‌లో కుష్ఠు సోకిన పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితుడికి స్వయంగా ఒళ్లు తుడిచి సేవ చేసిన మనిషి ఆయన. ఆ రోజు గ్రామసభల్లో ప్రతిజ్ఞ చదువుతారు. చదవడం అయ్యాక ఆ సభలోనే ఒక మాజీ రోగిని పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగితే, ప్రతిజ్ఞ కంటే అదే ఎక్కువమంది గుర్తుంచుకుంటారు.

దాపరికం వల్ల వచ్చే అసలు చిక్కు ఇంట్లోనే. రోగి దొరికాక అతని కుటుంబాన్ని, ఇరుగుపొరుగును చూడాలి. కొత్త కేసులు దొరికే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది అక్కడే. జబ్బు లేని దగ్గరివాళ్లకు ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే రెండేళ్లలో జబ్బు వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో తేలింది. మనదేశంలో 2018 నుంచి ఇస్తున్నారు. ఇవ్వాలంటే పక్కింటి తలుపు తట్టాలి. తడితే "ఎవరికి వచ్చింది?" అని అడుగుతారు. రోగి ఒప్పుకోకపోతే పక్కింటికి వెళ్లకూడదు, పేరు బయటపెట్టకూడదు. ఊరంతటికీ చర్మవ్యాధుల శిబిరం పెట్టి, తామరకూ శోభికీ మందు ఇస్తూ, అందులోనే ఈ పరీక్షా చేస్తే ఎవరి పేరూ బయటపడదు. లంక గ్రామాలకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా నమ్మకం. ఏలూరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఆశ్రం వైద్య కళాశాల ఎప్పటి నుంచో ఉంది. చర్మవ్యాధుల విభాగాల నుంచి విద్యార్థులను వారానికొక లంకకు పంపడం అసాధ్యమేమీ కాదు. వాళ్లకూ చదువే.

మందు మొదలయ్యాక కూడా మనిషిని వదలకూడదు. క్లోఫజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది, మందు ఆపాక నెమ్మదిగా మామూలవుతుంది. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే భయపడి అట్ట చూరులో దోపేస్తారు. కొందరికి మధ్యలో మచ్చలు ఎర్రగా ఉబ్బుతాయి, నరం లాగుతుంది, చెయ్యి బలం తగ్గుతుంది. మందు వికటించిందనుకుని మానేస్తారు. అది ఒంట్లోని రోగనిరోధక శక్తి చేసే అల్లరి. దాన్ని రియాక్షన్ అంటారు. వెంటనే వెళితే ప్రెడ్నిసలోన్‌తో నరాన్ని కాపాడవచ్చు. నెలలు ఆగితే వేళ్లు ముడుచుకుంటాయి. చికిత్స పూర్తయిన తర్వాత కూడా ఇలా రావచ్చు గనుక, "మీకు నయమైపోయింది, ఇక రానక్కర్లేదు" అనే మాట జాగ్రత్తగా అనాలి.

2027 నాటికి కుష్ఠు వ్యాప్తిని పూర్తిగా ఆపాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. గడువు దగ్గర పడింది. ఇంకా బయటపడాల్సిన రోగులు ఇవాళ మన మధ్యే, తమకేమీ లేదనుకుని, చెరువు మీదకో మిల్లుకో పనికి వెళుతున్నారు.

ఈ ఆదివారం తలంటు వేళ మీ ఇంట్లో ఒకరి వీపు ఒకరు చూడండి. అమ్మానాన్నలది, అత్తమామలది, పిల్లలది. ఇంట్లో పనిచేసేవాళ్లకు, చెరువు మీద కాపలా ఉండేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. పాలిపోయిన మచ్చ కనపడితే దూదితో తాకించి చూడండి. తెలియడం లేదంటే ఆయింట్‌మెంట్ కొనకండి, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. పరీక్షకు, మందుకు పైసా ఖర్చు లేదు. సాధారణంగా మచ్చలు ఐదు వరకు ఉంటే ఆరు నెలలు, అంతకు మించితే పన్నెండు నెలలు మందు వేసుకుంటే జబ్బు నయమవుతుంది.